యాకోబు నుండి శాంటియాగో వరకు: ఒక పేరు చేసిన ప్రయాణం



తెలుగు బైబిలు మాత్రమే చదివే విశ్వాసికి రాని ఒక సందేహం ఇంగ్లీషు మీడియంలో చదివే మన పిల్లలకు వస్తుంది. ఆదికాండంలో ఇస్సాకు కుమారుడైన యాకోబును ఇంగ్లీషు బైబిలు జేకబ్ అంటుంది. కొత్త నిబంధనకు వచ్చేసరికి జెబెదయి కుమారుడైన యాకోబును జేమ్స్ అంటుంది. మన బైబిల్లో ఇద్దరూ యాకోబులే. ఎవరు సరిగ్గా రాశారు అని పిల్లలు సండేస్కూలు టీచరును అడుగుతారు. ఇందులో ఎవరి పొరపాటూ లేదు. రెండూ ఒకే పేరు. ఇంకా చెప్పాలంటే ఈ ఒక్క విషయంలో మన తెలుగు బైబిలే మూలానికి దగ్గరగా ఉంది.

అయితే జేమ్స్, జేకబ్ అనే ఈ రెండింటితో కథ అయిపోదు. దక్షిణ అమెరికాలో చిలీ దేశ రాజధాని శాంటియాగో. క్యూబాలో ఒక పెద్ద నగరం శాంటియాగో. స్పెయిన్‌లో రియల్ మాడ్రిడ్ ఫుట్‌బాల్ జట్టు ఆడే మైదానం పేరు శాంటియాగో బెర్నబేవు. వీటన్నిటిలో ఉన్నది మన యాకోబే. గలిలయ సముద్రపు ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ ఉండగా ప్రభువు పిలిచిన ఆ యాకోబు పేరే భాషలు దాటి, సముద్రాలు దాటి అక్కడికి చేరింది. ఆ ప్రయాణంలో పేరు మారడమే కాదు, ఆ పేరు మోసిన మనిషి రూపం కూడా జనం చేతుల్లో మారిపోయింది. ఎలా మారిందో తెలుసుకోవడం సంఘానికి అవసరమని తలచి ఈ వారం ఈ విషయాన్ని మీ ముందు ఉంచుతున్నాము.

మడిమె పట్టుకున్నవాడు

మొదట మూలానికి వెళ్దాం. ఆదికాండము 25:26 ప్రకారం కవలల్లో రెండోవాడు తన అన్న ఏశావు మడిమె పట్టుకొని పుట్టాడు. హెబ్రీ భాషలో మడిమెకు "అకేబ్" అని పేరు. దాని నుండి "యాకోబ్" అనే పేరు వచ్చిందని ఆ వచనం సూచిస్తుంది. 27వ అధ్యాయంలో ఆశీర్వాదం పోగొట్టుకున్న ఏశావు అదే పేరుకు మరో అర్థం చెబుతాడు: నన్ను రెండుసార్లు మోసగించినవాడు, పేరుకు తగ్గవాడే అని వాపోతాడు. మడిమె పట్టడం అంటే వెనుక నుండి లాగి పడేయడం అన్న భావం అక్కడ ఉంది. ఇది "దేవుడు కాపాడును గాక" అనే అర్థమిచ్చే ఒక పాత పేరుకు కుదించిన రూపం కావచ్చునని కొందరు భాషా పండితులు అంటారు. రెండు అర్థాలూ ఆ మనిషి జీవితంలో నిజమయ్యాయి. ఆయన మోసగించాడు. దేవుడు ఆయనను కాపాడాడు కూడా. యబ్బోకు రేవు దగ్గర దేవుడు ఆయనకు ఇశ్రాయేలు అనే కొత్త పేరు ఇచ్చాడు. అయినా పాత పేరు చెరిగిపోలేదు. తరతరాల యూదులు తమ మగబిడ్డలకు యాకోబు అని పేరు పెట్టుకుంటూనే వచ్చారు.

అందుకే కొత్త నిబంధనలో యాకోబులు ఎక్కువ. ముగ్గురిని ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి. ఒకరు జెబెదయి కుమారుడు, యోహానుకు సహోదరుడు. రెండవవారు పన్నెండుమందిలోనే ఉన్న అల్ఫయి కుమారుడు. మూడవవారు ప్రభువు సహోదరుడని గలతీ 1:19లో పౌలు పేర్కొన్నవారు. యెరూషలేము సంఘానికి పెద్దగా ఉన్నది ఈ మూడవ యాకోబే. మనం చదివే యాకోబు పత్రిక ఈయనదేనని సంఘం మొదటి నుండి ఎక్కువగా నమ్ముతూ వచ్చింది. క్రీ.శ. 62లో యెరూషలేములో ఈయనను రాళ్లతో కొట్టించారని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు.

శాంటియాగో అనే పేరు వెనుక ఉన్నది వీరిలో మొదటివాడు, జెబెదయి కుమారుడు. ఈయన స్వభావం గురించి సువార్తలు దాపరికం లేకుండా చెబుతాయి. ఆయనకూ తమ్ముడు యోహానుకూ ప్రభువు పెట్టిన పేరు బోయనేర్గెసు, అంటే ఉరుము కుమారులు (మార్కు 3:17). సమరయుల గ్రామం తమను చేర్చుకోలేదని ఆకాశం నుండి అగ్ని దింపించి ఆ ఊరిని నాశనం చేయమంటావా అని అడిగినవారు ఈ ఇద్దరే. ప్రభువు వారివైపు తిరిగి గద్దించాడు (లూకా 9:51-56). ఆయన మహిమలో కుడివైపున ఒకరు, ఎడమవైపున ఒకరు కూర్చోవాలని కోరుకున్నవారు కూడా వీరే. అప్పుడు ప్రభువు సింహాసనం గురించి కాదు, తాను త్రాగబోయే గిన్నె గురించి వారిని ప్రశ్నించాడు (మార్కు 10:35-40).

ఆ గిన్నెను యాకోబు త్రాగాడు. హేరోదు అగ్రిప్ప ఆయనను కత్తితో చంపించాడు (అపొ.కా. 12:2). ఇది క్రీ.శ. 44కు అటూ ఇటూగా జరిగింది. పన్నెండుమంది అపొస్తలుల్లో మొదటి హతసాక్షి ఈయనే. ఇక్కడ ఒక మాట గమనించండి: యాకోబు కత్తి పట్టలేదు, కత్తికి బలి అయ్యాడు. మిగిలిన వ్యాసమంతా ఈ ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది.

నాలుకల మీద నలిగిన పేరు

గ్రీకులో రాసిన కొత్త నిబంధన పితరుడైన యాకోబును "యాకోబ్" అని హెబ్రీ పద్ధతిలోనే ఉంచి, అపొస్తలుని పేరుకు గ్రీకు తోక తగిలించి "యాకోబోస్" అన్నది. లాటిన్‌లో అది "యాకోబుస్" అయింది. రోమా సామ్రాజ్యం బలహీనపడి, లాటిన్ భాష ఊరూరా ఒక్కో తీరుగా మారుతున్న కాలంలో జనం నోట బ అక్షరం మ అయి "యాకోముస్" అనే రూపం కూడా వాడుకలోకి వచ్చింది. తెలుగులో పుస్తకాల మాటకూ ఇంట్లో మాటకూ మధ్య ఉండే తేడా వంటిదే ఇది.

ఈ రెండు లాటిన్ రూపాల నుండి ఒక పెద్ద కుటుంబమే పుట్టింది. బ ఉన్న రూపం నుండి ఫ్రెంచివారి జాక్, స్పెయిన్‌వారి యాగో వచ్చాయి. మ ఉన్న రూపం నుండి ఇటలీవారి జాకోమో, స్పెయిన్‌వారి హైమే, కాటలోనియావారి జౌమె వచ్చాయి. ఫ్రాన్స్ నుండి ఇంగ్లండు చేరిన జేమ్స్ కూడా ఈ మ ఉన్న కొమ్మకు చెందినదే. అంటే 1611లో వెలువడిన ఇంగ్లీషు బైబిలుకు తన పేరు నిలిచిపోయిన జేమ్స్ రాజు కూడా ఒక యాకోబే.

ఇక శాంటియాగో. లాటిన్‌లో పరిశుద్ధుడికి "సాంక్టుస్" అని పేరు. స్పెయిన్‌లో అది "సాంత్" అయింది. సాంత్ ఇయాగో అంటే పరిశుద్ధ యాకోబు. రెండు మాటలనూ కలిపి వేగంగా పలికేసరికి శాంటియాగో అనే ఒకే మాట అయింది. అలా ఒక బిరుదు, ఒక పేరు అతుక్కుపోయి కొత్త పేరుగా మారాయి. తర్వాతి తరాలు ఈ మాటను మళ్లీ విడగొట్టాయి, కానీ వేరేచోట. శాన్ టియాగో అనుకొని, శాన్ అంటే పరిశుద్ధుడు కాబట్టి మిగిలినది పేరే అని భావించాయి. పోర్చుగల్, బ్రెజిల్ దేశాల్లో ఈనాటికీ ఎంతోమంది మగపిల్లలకు ఉన్న టియాగో అనే పేరు అలా పుట్టింది. అందులోని ట అక్షరం నిజానికి "సాంత్" చివర నుండి వచ్చి చేరింది.

డియేగో అనే పేరు కూడా ఇలాగే వచ్చిందని చాలామంది చెబుతారు. ఫుట్‌బాల్ ఆటగాడు డియేగో మారడోనా మన పాఠకులకు తెలిసినవాడే. అయితే మధ్యయుగపు పాత పత్రాల్లో డియేగో అనే వ్యక్తులను లాటిన్‌లో "డిడాకుస్" అని రాసేవారు. కాబట్టి డియేగో మొదట వేరే పేరు అయి ఉండి, పలుకుబడి దగ్గరగా ఉన్నందున తర్వాత శాంటియాగోతో ముడిపడిందని పలువురు భాషా పండితుల అభిప్రాయం. ఈ ముడికి చరిత్రలో ఎంత పని పడిందో ముందు చూస్తాము.

గలిలయ జాలరి స్పెయిన్‌కు ఎలా చేరాడు?

యాకోబు స్పెయిన్‌లో సువార్త ప్రకటించాడని బైబిలు ఎక్కడా చెప్పదు. పౌలు రోమా సంఘానికి రాస్తూ స్పెయిన్‌కు వెళ్లాలన్న తన కోరికను తెలిపాడు. మరొకరు వేసిన పునాది మీద కట్టడం తన పద్ధతి కాదని కూడా అదే అధ్యాయంలో రాశాడు (రోమా 15:20-28). ఆ పత్రిక రాసేనాటికే జెబెదయి కుమారుడు ప్రాణాలు అర్పించి పదేళ్లు దాటింది. యాకోబు స్పెయిన్‌లో ప్రకటించాడనే మాట రాతల్లో మొదటిసారి కనబడేది సుమారు 7వ శతాబ్దంలో, ఆయన మరణించిన ఆరువందల ఏళ్ల తర్వాత.

711లో ముస్లిం సైన్యాలు ఉత్తర ఆఫ్రికా నుండి వచ్చి స్పెయిన్‌లో అత్యధిక భాగాన్ని జయించాయి. ఉత్తరాన కొండల్లో చిన్న క్రైస్తవ రాజ్యాలు మిగిలాయి. 9వ శతాబ్దం తొలి భాగంలో, అల్ఫోన్సో రెండవ రాజు పాలనలో, వాయవ్య మూలన ఉన్న గలీసియా ప్రాంతంలో ఒక పాత సమాధి బయటపడింది. ఇరియా ఊరి బిషప్పు తెయోదొమీరో అది అపొస్తలుడైన యాకోబు సమాధి అని ప్రకటించాడు. ఆ చోట వెలసిన పట్టణమే శాంటియాగో దె కంపోస్టెలా. 997లో ముస్లిం సేనాని అల్మన్సూర్ ఆ పట్టణాన్ని కొల్లగొట్టి గుడి గంటలను కోర్దోబాకు తరలించాడు. మళ్లీ కట్టుకున్నారు. 1075లో ఇప్పటి కథీడ్రల్ పని మొదలై 1211లో ప్రతిష్ఠ జరిగింది.

యూరప్ నలుమూలల నుండి యాత్రికులు నడిచి రావడం మొదలైంది. ఆల్చిప్ప వారి గుర్తు అయింది. దారి పొడవునా సత్రాలు, ఆసుపత్రులు, వంతెనలు వచ్చాయి. సంస్కరణ కాలంలో మార్టిన్ లూథరు ఈ యాత్రను ఘాటుగా విమర్శించాడు. సమాధిలో ఉన్నది ఎవరో తెలియకుండానే జనం పరుగెడుతున్నారన్నది ఆయన వాదన. విశ్వాసానికి ఆధారం ఎముకలు కావు, వాక్యమే అన్న ఆ మాటతో మేమూ ఏకీభవిస్తాము. కానీ యాత్ర కంటే పెద్ద ప్రశ్న మరొకటి ఉంది.

జాలరి చేతికి కత్తి

844లో క్లవీహో అనే చోట క్రైస్తవ రాజు రామీరోకూ ముస్లిం సైన్యానికీ యుద్ధం జరిగిందనీ, ఓడిపోబోతున్న సమయంలో పరిశుద్ధ యాకోబు తెల్లని గుర్రం మీద కత్తి పట్టుకొని ఆకాశం నుండి దిగివచ్చి శత్రువులను నరికాడనీ ఒక కథ ప్రచారంలోకి వచ్చింది. ఆ కథ చెప్పినట్టుగా అలాంటి యుద్ధమేదీ జరగలేదని నేటి చరిత్రకారులు అంటారు. ఆ కథకు ఆధారంగా చూపిన రాజపత్రం కూడా రామీరో కాలానిది కాదు, 12వ శతాబ్దంలో కల్పించినది. ఆ విజయానికి కృతజ్ఞతగా రైతులు ఏటా ధాన్యం, ద్రాక్షారసం కంపోస్టెలా కథీడ్రల్‌కు చెల్లించాలని ఆ పత్రం చెప్పింది. ఆ కప్పం శతాబ్దాల తరబడి నడిచింది. 1812లో కాదిస్‌లో సమావేశమైన స్పెయిన్ పార్లమెంటు దానిని రద్దు చేయాలని తీర్మానించింది. ఒక దొంగ పత్రం ఎన్ని తరాల రైతుల గాదెల్లోంచి గింజలు తీసుకుందో ఆలోచించండి.

అప్పటి నుండి యాకోబుకు "మాతామోరోస్" అనే బిరుదు స్థిరపడింది. దాని అర్థం మూరులను చంపేవాడు. ఉత్తర ఆఫ్రికా ముస్లిములను స్పెయిన్‌వారు మూరులు అనేవారు. గుర్రం కాళ్ల కింద తెగిన తలలతో ఆయన విగ్రహాలు గుడుల్లో వెలిశాయి. శాంటియాగో అన్న పేరు సైనికుల యుద్ధ నినాదం అయింది. సమరయుల ఊరి మీద అగ్ని దింపమన్నప్పుడు ప్రభువు గద్దించి ఆపిన ఆ పాత యాకోబునే జనం మళ్లీ లేపి నిలబెట్టారు. ప్రభువు మార్చిన యాకోబును మరచిపోయారు.

1170 ప్రాంతంలో శాంటియాగో పేరిట ఒక యోధుల సంఘం ఏర్పడింది. కత్తి ఆకారంలో ఉన్న ఎర్రని సిలువ వారి గుర్తు. కాలక్రమంలో అందులో సభ్యత్వం గొప్ప గౌరవమైంది. 16వ శతాబ్దం నాటికి అందులో చేరాలంటే రక్తశుద్ధి నిరూపించుకోవాలి. అంటే పూర్వీకుల్లో యూదులు గానీ ముస్లిములు గానీ లేరని సాక్ష్యాలు తేవాలి. చేతిపనితో బ్రతికిన కుటుంబం కాదని కూడా చూపాలి. ప్రపంచ ప్రసిద్ధ చిత్రకారుడు డియేగో వెలాస్కెస్ ఈ సభ్యత్వం కోరినప్పుడు వందకు పైగా సాక్షులను విచారించారు. ఆయన వంశపు ఘనత రుజువు కాలేదన్నారు. చివరకు పోపు ప్రత్యేక అనుమతితో, రాజు పట్టుదలతో 1659లో ఆయనను చేర్చుకున్నారు. "లాస్ మెనీనాస్" అనే ఆయన చిత్రంలో ఆయన ఛాతీ మీద ఆ ఎర్ర సిలువ ఈనాటికీ కనబడుతుంది. చిత్రం గీసింది 1656లో. సిలువను తర్వాత చేర్చారు.

ఇప్పుడు ఒక్క క్షణం ఆగి చూడండి. జెబెదయి కుమారుడైన యాకోబు యూదుడు. వలలు లాగి, చేపలు అమ్మి బ్రతికిన ఇంటివాడు. తన పేరు పెట్టుకున్న ఆ సంఘం గుమ్మం ముందు ఆయనే వచ్చి నిలబడితే రెండు కారణాలు చెప్పి ఆయనను వెనక్కి పంపేవారు.

సముద్రం దాటిన నినాదం

1492 తర్వాత ఆ పేరు అమెరికా ఖండాలకు ఓడలెక్కింది. 1515లో క్యూబాలో, 1541లో పెద్రో దె వాల్దీవియా చేతుల మీదుగా చిలీలో శాంటియాగో నగరాలు వెలిశాయి. 1532 నవంబరు 16న పెరూలోని కహమార్కాలో పిసారో మనుషులు ఇంకా చక్రవర్తి అతవాల్పాను పట్టుకోవడానికి దాడి మొదలుపెట్టినప్పుడు వేసిన కేక కూడా శాంటియాగో అనే. ఆ సాయంత్రానికి వేలమంది స్థానికులు చనిపోయారు. 1536లో కుస్కో నగరాన్ని ఇంకా సైన్యం ముట్టడించినప్పుడు శాంటియాగో గుర్రం మీద దిగివచ్చి స్పెయిన్‌వారిని కాపాడాడని మళ్లీ కథ పుట్టింది. ఈసారి గుర్రం కాళ్ల కింద మూరు లేడు, ఇంకా జాతివాడు ఉన్నాడు.

పెరూ స్థానికులు ఆ పేరును తమ తీరులో అర్థం చేసుకున్నారు. వారి ఉరుముల దేవత ఇల్యాపా. తుపాకులు పేల్చుతూ శాంటియాగో అని అరుస్తున్న మనుషులను చూసి, ఈ శాంటియాగో కూడా ఉరుమే అనుకున్నారు. కవల పిల్లలు పుడితే ఒకరిని ఉరుము బిడ్డగా భావించి శాంటియాగో అని పిలవసాగారు. 1621లో లీమాలో పుస్తకం ప్రచురించిన పాబ్లో హొసే దె అర్రియాగా అనే జెస్యూట్ గురువు ఈ సంగతి నమోదు చేశాడు. ఉరుము కుమారులని ప్రభువు పెట్టిన పేరు నుండి ఈ తలంపు వచ్చిందా, తుపాకుల మోత నుండి వచ్చిందా అని ఆయనే ఆలోచనలో పడ్డాడు. స్థానికులు శాంటియాగో అని పేరు పెట్టుకోకూడదనీ, దానికి బదులు డియేగో అని పెట్టుకోవాలనీ ఆ పుస్తకంలోని నియమాల్లో ఉంది. తామే మోసుకొచ్చిన పరిశుద్ధుని పేరును, తామే బాప్తిస్మమిచ్చిన జనం పెట్టుకోకుండా చేయవలసి వచ్చింది. కత్తితో ప్రకటించిన పేరు వినేవారికి కత్తిగానే, ఉరుముగానే వినబడుతుంది. ఇందులో వారి తప్పేముంది?

పువ్వుల కింద దాగినది

ఇది పాత కథ మాత్రమే కాదు. 2004 మార్చి 11న మాడ్రిడ్ రైళ్లలో ఉగ్రవాదుల బాంబులు పేలి సుమారు 190 మంది చనిపోయారు. అదే ఏడాది కంపోస్టెలా కథీడ్రల్ అధికారులు గుడిలో ఉన్న మాతామోరోస్ విగ్రహాన్ని అక్కడి నుండి తీసి మ్యూజియంలో పెడతామన్నారు. ఇతర మతస్థుల మనసు నొప్పించకూడదని వారు చెప్పిన కారణం. దాని మీద పెద్ద వ్యతిరేకత వచ్చింది. నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. విగ్రహం అప్పటికి అక్కడే ఉండిపోయింది. గుర్రం కాళ్ల దగ్గర ఉన్న మనుషుల బొమ్మలు కనబడకుండా అడుగు భాగాన్ని పువ్వులతో కప్పుతూ వచ్చారు.

ఆ పువ్వులను చూసి నవ్వుకోవడం తేలిక. కానీ ప్రతి సంఘ చరిత్రలోనూ ఇలా పువ్వులు కప్పిన చోట్లు ఉంటాయి. మన చరిత్రలోనూ ఉన్నాయి. బల్ల దగ్గర అందరం ఒకే రొట్టెలో పాలివారమని చెప్పి, సంబంధాలు కుదుర్చుకునేటప్పుడు ఏ కులం అని అడిగే అలవాటు మన తెలుగు సంఘాల్లో పోయిందా? రక్తశుద్ధి అనే మాట మనం వాడకపోవచ్చు, విచారణ మాత్రం జరుగుతూనే ఉంది. ఇతరుల విగ్రహం కింద ఏముందో చూసిన కన్ను మన పువ్వులను కూడా పక్కకు తీసి చూడాలి.

పేరు నిలిపిన మరికొందరు

శాంటియాగో పేరుకు కత్తి ఒక్కటే గుర్తు అనుకుంటే అన్యాయమవుతుంది. కంపోస్టెలా కథీడ్రల్ పడమటి ద్వారం దగ్గర శిల్పి మాతేయో 1188లో నిలిపిన యాకోబు శిల్పం ప్రశాంతంగా కూర్చొని ఉంటుంది. ఆయన చేతిలో ఊతకర్ర ఉంది, కత్తి లేదు. వచ్చేవారిని స్వాగతించే పెద్దాయనలా ఉంటాడు. యాత్రికుని వేషంలో టోపీ, సంచి, ఆల్చిప్పతో ఉన్న యాకోబు బొమ్మలు ఆ దారి పొడవునా ఉన్నాయి. ఆ దారిన నడిచి కంపోస్టెలా చేరి ధృవపత్రం తీసుకున్నవారి సంఖ్య 2023, 2024 సంవత్సరాల్లో ఏటా నాలుగు లక్షలు దాటింది. కాలినడకన వెళ్లేవారు కనీసం 100 కిలోమీటర్లు నడిచి ఉంటేనే ఆ పత్రం ఇస్తారు. జూలై 25 ఆదివారం నాడు వచ్చిన ఏడాదిని అక్కడ ప్రత్యేక సంవత్సరంగా ఆచరిస్తారు. తర్వాతిది 2027లో వస్తుంది.

ఈ పేరు పెట్టుకున్న మనుషుల్లో శాంటియాగో రామోన్ ఇ కాహాల్ (1852-1934) గురించి వైద్య విద్యార్థులకు తెలుసు. మెదడు అంతా ఒకే వలలా అల్లుకొని ఉంటుందని చాలామంది శాస్త్రవేత్తలు నమ్మే కాలంలో, అది విడివిడి కణాలతో నిర్మితమైందని సూక్ష్మదర్శిని ముందు ఏళ్ల తరబడి కూర్చొని, చేత్తో బొమ్మలు గీసి చూపించాడు. 1906లో ఇటలీవాడైన కమీలో గోల్జీతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. వలలు బాగుచేసిన యాకోబు పేరు పెట్టుకున్నవాడు మెదడు వల కాదని నిరూపించడం గమ్మత్తయిన సంగతి.

శాంటియాగో కలత్రావా 1951లో పుట్టిన స్పెయిన్ వాస్తుశిల్పి, ఇంజనీరు. ఎన్నో వంతెనలు కట్టాడు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో జంట భవనాలు కూలినప్పుడు వాటి కింద నలిగిపోయిన పరిశుద్ధ నికొలాసు గ్రీకు ఆర్థడాక్సు దేవాలయానికి కొత్త కట్టడాన్ని రూపొందించినది ఈయనే. 2022లో దాని ప్రతిష్ఠ జరిగింది.

సాహిత్యంలోనూ ఈ పేరు ఉంది. 1952లో వెలువడిన హెమింగ్వే నవల "ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ"లో క్యూబా ముసలి జాలరి పేరు శాంటియాగో. 1988లో పోర్చుగీసులో వెలువడి తెలుగులోకి కూడా వచ్చిన పావులో కొయిలో నవల "ది ఆల్కెమిస్ట్"లో గొర్రెల కాపరి కుర్రాడి పేరూ అదే. రాజులూ యోధులూ పెట్టుకున్న పేరు మళ్లీ ఒక జాలరి దగ్గరికి, ఒక కాపరి దగ్గరికి వచ్చింది. మన దృష్టిలో అది సొంతింటికి రావడమే.

మన దేశపు తీరానికి కూడా ఈ పేరు వచ్చింది. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి కాలంలో క్రైస్తవులైన తమిళనాడు తీరపు కుటుంబాల్లో సందియాగు అనే పేరు నేటికీ వినబడుతుంది. అది శాంటియాగోకు తమిళ రూపమే. రామేశ్వరం దగ్గర తంగచ్చిమడంలో సందియాగప్పర్ పేరిట దేవాలయం ఉంది. కేరళ సిరియను క్రైస్తవుల ఇళ్లల్లో చాక్కో అనే పేరు కూడా యాకోబు నుండి వచ్చినదే. మన సంఘాల్లో తాత యాకోబు, కొడుకు జేకబ్, మనవడు జేమ్స్ అయిన కుటుంబాలు ఎన్నో కనబడతాయి. ముగ్గురిదీ ఒకే పేరని ఆ ఇంటివారికే తెలియకపోవచ్చు. ఈ ఆదివారం వారికి చెప్పండి.

మన పిల్లలకు పెట్టే పేరు

పేరు పెట్టడం ఒక్క రోజు పని. ఆ పేరుకు అర్థం ఇవ్వడం జీవితకాలపు పని. యాకోబు అనే పేరు తండ్రి దగ్గర అబద్ధమాడిన కొడుకుది. అదే పేరు ప్రభువు కోసం ప్రాణమిచ్చిన జాలరిది. అదే పేరు తర్వాత యుద్ధరంగంలో కేక అయింది. పేరులో అక్షరాలు మారినందువల్ల కాదు, దానిని పట్టుకున్న చేతులు మారినందువల్ల ఇదంతా జరిగింది. క్రీస్తు పేరు ధరించిన మన విషయంలో ఇది మరింత నిజం. మనం కోపంతో పలికితే పక్కింటివారికి ఆ పేరు ఉరుములా వినబడుతుంది. ప్రేమతో పలికితే సువార్తలా వినబడుతుంది.

శాంటియాగో పేరిట కత్తి దూసినవారి చేతుల్లోనూ బైబిలు ఉంది. అందులో మరో యాకోబు రాసిన పత్రికా ఉంది. బంగారు ఉంగరం పెట్టుకొని వచ్చినవానికి మంచి చోటు చూపి, మురికి బట్టలవానిని నిలబెట్టవద్దని ఆ పత్రిక రెండవ అధ్యాయం హెచ్చరిస్తుంది. యుద్ధాలూ పోరాటాలూ మన లోపలి దురాశల నుండే పుడతాయని నాలుగవ అధ్యాయం చెబుతుంది. ఆ ఐదు అధ్యాయాలను వారు మనసు పెట్టి చదివి ఉంటే రక్తశుద్ధి విచారణలు ఎలా జరిగేవి? మనం మనసు పెట్టి చదివితే మన మధ్య ఏవి ఆగిపోతాయి?

ఈ వారం మీ కుటుంబ ప్రార్థనలో యాకోబు పత్రిక మొదటి నుండి చివరి వరకు ఒక్కసారి చదవమని మనవి చేస్తున్నాము. అరగంట కూడా పట్టదు. ఇంట్లో యాకోబు గానీ జేమ్స్ గానీ జేకబ్ గానీ ఉంటే వారిచేతనే చదివించండి. చదివాక, మన సంఘంలో ఎవరిని గుమ్మం దగ్గరే నిలబెట్టి ఉంచామో పేరు పేరునా తలచుకొని, వచ్చే ఆదివారం మన పక్కన వారికి చోటు ఇద్దాం. ఆ పేరు మోసిన జాలరిని పిలిచిన ప్రభువు మనకు ఆ కృపను దయచేయును గాక. ఆమేన్.